పోపుక్ మేతసంచిలో పట్టు

ఇస్రోయిల్ ఆఖరి గుక్క టీ తాగి, పియాలాను బోర్లించి, దాని గరుకు అడుగున కత్తి నూరడం మొదలుపెట్టాడు. ఇటు రెండు, అటు రెండు. నూరుతూ మాట్లాడటం ఆయనకు అలవాటు. అందుకే ఆయన ఏ ఇంట్లో కత్తి నూరినా సంగతి వీధికంతా తెలిసిపోతుంది.

"సాయంత్రం నమాజు లోపల పని కానిచ్చేద్దాం. ఊపిరి ఉండగా బిస్మిల్లా అని కోస్తే కూరకైనా పనికొస్తుంది. దానంతట అది పోయిందనుకో, హరాం. పారెయ్యడమే."

ఎదురుగా అరుగు మీద హోసియత్ కోడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇస్రోయిల్ ఆమె భర్త సోబిత్‌కు అన్న. వీధిలో అందరికన్నా పెద్దవాడు. ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో పదిహేనేళ్లు పశువుల అధికారిగా చేశాడు. ఆ క్షేత్రం మూతపడి పాతికేళ్లయింది. ఆయన ఉద్యోగం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

చావు దగ్గరపడిన జంతువును చూస్తే మావాళ్లకు ముందు గుర్తొచ్చేది మందు కాదు, కత్తి. అది కర్కశత్వం అనుకుంటే పొరపాటు. అల్లా ఇచ్చిన ప్రాణిని హరాం చావు చావనివ్వకూడదన్న తొందర అది. ఆడవాళ్లు జబ్బుకోడిని చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడతారు. దారినపోయే ఏ మగాణ్నయినా "అన్నా, కాస్త ఈ కోడిని కోసిపెట్టి పోరాదూ" అని పిలుస్తారు. ఎవరూ కాదనరు. పుణ్యం కదా! ఆ పుణ్యం పేరుతో ఎన్ని బతకాల్సిన కోళ్లు బాణలిలో పడ్డాయో ఎవరూ లెక్క వేయలేదు.

ఒళ్లోని కోడి పోపుక్ అలా పోవడానికి హోసియత్ ఒప్పుకోలేదు. పోపుక్ అంటే ఆమెకు ప్రాణం. చలికి కొయ్యబారిన పిల్లను రెండేళ్ల కిందట మంచులోంచి తీసి, తాను కుట్టిన టోపీలోనే పడుకోబెట్టి, పొయ్యి పక్కన బతికించుకుంది. మగవాళ్లు పెట్టుకునే నాలుగు పలకల చుస్త్ టోపీలు కుట్టడం ఆమె పని. నల్ల గుడ్డ మీద తెల్ల పట్టుతో మిరపకాయ పూలు కుడుతుంది. ఆమె సూది పట్టి కూర్చుంటే పోపుక్ వచ్చి మోకాలికి ఆనుకుని కూర్చుంటుంది. నెత్తిన కుచ్చు కళ్ల మీద పడుతుంటే తల ఎగరేసి చూస్తుంది. ఇంట్లో అందరూ పనికోసం పిలిచేవాళ్లే. పనిలేకుండా పక్కన కూర్చునేది అదొక్కటే.

ఆ కోడి నాలుగు రోజులుగా గింజ ముట్టలేదు. మెడ కింద మేతసంచి రాయిలా బిగుసుకుపోయింది. ముక్కు తెరిస్తే పుల్లటి కంపు. హోసియత్ నువ్వుల నూనె తాగించింది, గంటల తరబడి మెల్లగా పిసికింది. రాయి రాయిలాగే ఉంది. నిన్న పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. "కోడికా? మందెందుకు అక్కా, క్యారెట్ వేసి సూప్ పెట్టుకోండి" అన్నాడు.

"ఇది తెగులు" అన్నాడు ఇస్రోయిల్ కత్తి అంచును బొటనవేలితో చూసుకుంటూ. "నేను చూడని తెగులా? ఒక్క వారంలో ఎనిమిది వందల కోళ్లు నా కళ్లముందే పోయాయి."

ఆ మాట వినగానే గోడ అవతలి ఇనోబత్ ఇసిరిక్ గింజలు కాలుతున్న పొగ పెనంతో సహా లోపలికి వచ్చేసింది. దిష్టికీ, జలుబుకీ, కోడలి అలకకీ అన్నింటికీ ఆమె దగ్గర ఒకటే మందు, ఆ పొగ.

"అక్కా, నీ కోడి మీద నాకేం పగ లేదు. కానీ నాకు ఇరవైమూడు ఉన్నాయి. ఒక్కదాన్ని చూసుకుని ఇరవైమూడింటిని చంపుకోమంటావా?"

"తెగులే అయితే కూర వండుకుని ఎలా తింటారు మరి?" అంది హోసియత్.

"బాగా ఉడికిస్తే ఏం కాదు" అన్నాడు ఇస్రోయిల్.

"తెగులైతే తురాయి నల్లబడాలి కదా బావగారూ? ఎర్రగా ఉంది చూడండి."

"నాకు నేర్పుతున్నావా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం ఆయన. సోబిత్ పాపం మంచివాడే గానీ, అన్న ఎదుట నోరు పెగలదు. "అన్నయ్య చెప్పాడు కదా హోసియత్..." అని గొణిగి గడ్డం గోక్కున్నాడు.

పొగకు పోపుక్ ఉక్కిరిబిక్కిరైంది. నోరు తెరిచి మెడ సాచింది. ముక్కు మూల నుంచి చొంగలాంటిదేదో వేలాడింది. తుడుద్దామని హోసియత్ రెండు వేళ్లతో పట్టుకుంది. అది తెగలేదు. లాగితే ఒక బెత్తెడు వచ్చింది. ఇంకొంచెం లాగితే మరో బెత్తెడు. కోడికి దగ్గు వచ్చినట్టయింది. ఆమె టక్కున ఆపేసింది.

నలభై ఏళ్లుగా పట్టుతో బతికిన వేళ్లవి. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. తాను కుట్టి పారేసిన దారాలేనా? కాదు. ఇది పేనిన దారం కాదు, ఉడికించింది కాదు. పట్టుగూటి పైనుంచి ఒలిచిన పచ్చి పట్టు పీచు. ఇంకా జిగట పోలేదు.

"తెగులూ లేదు, తోటకూరా లేదు" అంది. "దీని కడుపుకు దారి మూసుకుపోయింది. మేతసంచి నిండా పట్టు ఉంది."

వంటింటి గుమ్మంలో టీకెటిల్ పట్టుకుని నిలబడిన కోడలు నజోకత్ ముఖం సున్నం కొట్టినట్టయింది. మూడు నెలల కిందట పెళ్లై వచ్చిన పిల్ల. పట్నంలో పుట్టి పెరిగింది. పట్టుపురుగులున్న ఇంటి పద్ధతులు తెలియవు. ఈ వసంతమంతా ఇంట్లో మంచి గదులు రెండూ పురుగులకే ఇచ్చేసి, మనుషులు వసారాలో పడుకున్నారు. వారం కిందట పట్టుగూళ్లు కొనేవాళ్లకు అప్పగించారు. అప్పగించే ముందు ఆడవాళ్లంతా కూర్చుని గూళ్ల పైపీచు ఒలిచారు.

"అత్తయ్యా, నేనే" అంది నజోకత్. "ఆ మర్నాడు తెల్లవారకముందే లేచి వాకిలంతా ఊడ్చాను కదా. చచ్చిన పురుగులు, పీచు అంతా కలిపి కోళ్ల దొడ్లో పోశాను. కోళ్లు పురుగులు ఇష్టంగా తింటాయి కదా అని..."

వీధిలో అందరికన్నా ముందు లేచి ఊడవాలి, అదే కొత్త కోడలికి పరీక్ష. ఈ పిల్ల తొంభై రోజులుగా ఒక్కరోజు తప్పలేదు. ఎక్కువ శ్రద్ధ పెట్టి పని చెడగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది.

"చూశావా! ఈకాలపు కోడళ్లు..." అని ఇనోబత్ అందుకోబోయింది.

"ఊడవమన్నది నేను. ఎక్కడ పోయాలో చెప్పనిది కూడా నేనే" అంది హోసియత్. "దాన్నేమీ అనకు. కెటిల్ పొయ్యి మీద పెట్టు నజోకత్, నీళ్లు బాగా మరగాలి. నా పట్టు దారాల పెట్టె తే. సన్న సూది తే."

"ఎందుకు?" అన్నాడు ఇస్రోయిల్.

"మేతసంచి కోసి, తీసేసి, కుట్టేస్తాను."

ఇస్రోయిల్ నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. "కోడికి ఆపరేషన్! సోబిత్, నీ పెళ్లాం పెద్ద డాక్టరైందిరా! రేపు గాడిదకు పళ్లు కట్టిస్తుందేమో!"

హోసియత్‌కు ఒళ్లు మండింది. "మీరు పదిహేనేళ్లు పశువులను చూశారు బావగారూ. నేను నలభై ఏళ్లు కుట్టాను. ఇప్పుడు కావలసింది కుట్టేవాళ్లు."

పెనంలో ఇసిరిక్ గింజలు చిటపటలాడాయి. ఇస్రోయిల్ గర్విష్ఠి గానీ అన్యాయస్థుడు కాదు. గడ్డం దువ్వుకున్నాడు.

"సరే. మాటకు మాట. కోసి కుట్టిన కోడి కళ్లు తెరిచినంత మాత్రాన బతికినట్టు కాదు. లోపలికి పోయింది బయటికి రావాలి. రేపు మధ్యాహ్నం నమాజు పిలుపు లోపల అది రెట్ట వెయ్యాలి. అదొక్కటే సాక్ష్యం. వెయ్యలేదా, అప్పుడిక నాకు అడ్డు రాకు. దాని బాధ చూడలేం. తెగులని తేలితే వీధి కోళ్లన్నిటి సంగతీ అప్పుడే తేలుస్తా."

"సరే" అంది హోసియత్.

పుండు తుడవడానికి సారా కావాలి. నమాజు తప్పని ఇల్లది, సారా ఎక్కడి నుంచి వస్తుంది? అందరూ ఇనోబత్ వంక చూశారు. "నా వైపెందుకు చూస్తారు?" అని గయ్యిమంది గానీ, వెళ్లి తెచ్చింది. మొగుడు మోకాళ్లకు రాసుకోవడానికే అని మూడుసార్లు చెప్పింది. సగం ఖాళీ అయిన సీసా చూసి, ఆయన మోకాళ్లు ఎంత నొప్పి పెడుతున్నాయో అని ఎవరూ అడగలేదు.

నజోకత్ పోపుక్‌ను తువ్వాలులో చుట్టి, తల మీద గుడ్డ కప్పి ఒడిసిపట్టుకుంది. సోబిత్ కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. హోసియత్ మెడ కింద నాలుగు ఈకలు పీకింది. సారాతో చర్మం తుడిచింది, బ్లేడు తుడిచింది, చేతులు తుడుచుకుంది. ఎన్నో టోపీలు కత్తిరించిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గుడ్డకు నొప్పి ఉండదు. దీనికి ఉంటుంది. భయం వేసింది, నిజంగా భయం వేసింది. నేనే చంపేస్తానేమో, ఆయన కత్తే నయమేమో అనిపించింది.

"అత్తయ్యా, గుండె కొట్టుకుంటోంది. గట్టిగా కొట్టుకుంటోంది" అంది నజోకత్.

హోసియత్ బిస్మిల్లా అనుకుని కోసింది.

వేలి కణుపంత కోత. పైచర్మం విడిపోయింది. కింద పలుచటి సంచి, రక్తనాళాలు సన్నని ఎర్రదారాల్లా కనిపిస్తున్నాయి. వాటిని తప్పించి ఇంకో కోత. పుల్లటి కంపు గుప్పుమంది. ఇనోబత్ తలగుడ్డ కొంగు ముక్కుకు పెట్టుకుంది గానీ అక్కడి నుంచి కదల్లేదు. హోసియత్ రెండు వేళ్లు పెట్టి పీచు కొస పట్టింది. లాగలేదు. చిక్కుపడ్డ దారపు ఉండను విడదీసినట్టు ఇటు వదిలి, అటు తీసి, ఒక్కొక్క పొరే బయటికి తెచ్చింది. తెచ్చినకొద్దీ వస్తోంది. పీచు, అందులో చిక్కుకున్న పురుగులు, మల్బరీ ఈనెలు, కుళ్లిన గోధుమలు. చివరకు నేరేడు పండంత గట్టి ముద్ద 'లుప్' మని జారి పళ్లెంలో పడింది.

"యా అల్లా!" అన్నాడు సోబిత్. ఎప్పుడు కళ్లు తెరిచాడో!

ఉప్పునీళ్లతో సంచి కడిగింది. తర్వాత సూది అందుకుంది. ఇక్కడికి వచ్చేసరికి భయం పోయింది. సూది చేతికొస్తే ఆమె వేరే మనిషి. టోపీ కుట్టడం కొత్తగా నేర్చుకునే పిల్లలు పైగుడ్డనూ లోపలిగుడ్డనూ కలిపి లాగి కుట్టేస్తారు. అలాంటి టోపీ రెండో రోజుకే ముడతలు పడి బిగుసుకుపోతుంది. దేని కుట్టు దానికే ఉండాలి. అందుకే ముందు లోపలి సంచిని అంచులు లోపలికి మడిచి, చీమ నడిచినంత దగ్గరగా ఏడు కుట్లు వేసింది. ఒక చుక్క నీళ్లు పోసి కారడం లేదని చూసుకుంది. ఆ తర్వాతే విడిగా పైచర్మం, ఐదు కుట్లు.

గుడ్డ తీసేసరికి పోపుక్ మెడ వేలాడిపోయింది. కుచ్చు అరచేతిలోకి జారింది.

"అయిపోయింది" అన్నాడు ఇస్రోయిల్. ఈసారి నవ్వలేదు.

హోసియత్ దాన్ని దుస్తుల లోపల, గుండెకు ఆనించి పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి పొట్ట దగ్గర గోళ్లు గీరుకున్నాయి. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోలేదు కూడా.

ఆ రాత్రి ఎలా గడిచిందో అడగకండి. తెల్లవారాక చెంచాతో నీళ్లు పట్టింది. మింగింది. కాసేపాగి పెరుగులో కలిపిన గుడ్డు సొన పెడితే పోపుక్ తానే ముక్కు ముంచింది. నజోకత్ ఆ రోజు వీధి ఊడవలేదు. ఊడవనివ్వలేదు. "ఇవాళ చెత్త ఎక్కడికీ పోదు, ఇక్కడ కూర్చో" అంది అత్తగారు.

పది గంటలకల్లా వాకిలి నిండిపోయింది. ఎవరు చెప్పారో తెలియదు, ఇనోబత్ అయితే తనకేం తెలియదంది. ఆడవాళ్లు నిన్న తెగులంటే వణికినవాళ్లే. ఇవాళ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ అరుగుల మీద సర్దుకున్నారు. ఒకామె బతుకుతుందంది. ఇంకొకామె తన పెదనాన్న మేకకు ఇలాగే చేస్తే మూడోరోజు పోయిందంది. ఆమెను పక్కవాళ్లు కసిరారు. ఇస్రోయిల్ నమాజుకు కాళ్లూ చేతులూ కడిగి శుభ్రంగా వజూ చేసుకుని, కోటు వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

పోపుక్ వాకిలి మధ్యన గడ్డి పరుపు మీద కూర్చుంది. ముప్ఫై జతల కళ్లు దాని వెనకభాగం మీదే. ఏ కోడికీ అంత గౌరవం దక్కి ఉండదు.

పదకొండయింది. పదకొండున్నర. పోపుక్ కునుకు తీసింది. హోసియత్ మేతసంచి తడిమి చూసింది. మెత్తగా ఉంది, పొద్దుటికన్నా చిన్నదైంది. అయినా కంటికి కనబడితే తప్ప బావగారు ఒప్పుకోడు. పన్నెండు దాటింది. సోబిత్ లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు. అన్న ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఇంకో పూట చూద్దాం. నేను... నేను కోయనివ్వను" అన్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి.

"కూర్చోరా. ఇంకా పిలుపు కాలేదు" అన్నాడు ఇస్రోయిల్.

"వెయ్యవే తల్లీ, వెయ్యి" అని గొణిగింది ఇనోబత్. గింజలు నమలడం మానేసింది. "నా ఇరవైమూడు కోళ్ల పుణ్యం నీకిస్తాను, ఒక్కటి వెయ్యి."

మసీదు మైకు గరగరమంది. పిలుపుకు ముందు ముల్లా గొంతు సవరించుకునే చప్పుడు అది. ఆ గరగరకు పోపుక్ కళ్లు తెరిచింది. లేచి నిలబడింది. ఒళ్లు విదిలించుకుంది. తూలుతూ మూడడుగులు వేసింది. తోక ఎత్తింది.

ముప్ఫై మెడలు ముందుకు సాగాయి.

పడింది.

ఒక్కసారిగా లేచిన కేకకు గోడ మీది పిచ్చుకలన్నీ ఎగిరిపోయాయి. ఇస్రోయిల్ చెయ్యెత్తాడు. "ఆగండి. చూడనివ్వండి." జేబులోంచి కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో తుడిచి, పెట్టుకున్నాడు. మోకాళ్ల మీద వంగి కూర్చున్నాడు. మల్బరీ పుల్ల ఒకటి అందుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. పదిహేనేళ్ల ఉద్యోగంలో ఏ అధికారి ముందూ అంత శ్రద్ధగా పని చేసి ఉండడు. వాసన కూడా చూశాడు. మైకులో పిలుపు మొదలైంది. ఆయన తల ఎత్తలేదు.

"పచ్చగా గుడ్డు సొన. పొద్దున తిన్నదే" అన్నాడు, పుల్ల చూపిస్తూ. "పైన తెల్లదనం ఎంత ఉండాలో అంతే ఉంది. నీళ్లుగా లేదు, నెత్తురు లేదు. తెగులు రెట్ట ఇలా ఉండదు."

ఇక ఆయన మాటే రావాలి. ఆయన పుల్ల కింద పెట్టి, కళ్లద్దాలు తీశాడు.

"రెట్టే" అన్నాడు.

హోసియత్ కోడిని ఎత్తుకుంది. గుండె నిండా గాలి పీల్చుకుంది. ముప్ఫైరెండేళ్ల కాపురంలో బావగారి ముందు ఆమె ఇలా తలెత్తి నిలబడింది లేదు.

"బావగారూ, కాస్త గట్టిగా చెప్పండి. వెనకున్న వాళ్లకు వినపడలేదు."

ఇస్రోయిల్ ఆమె వంక చూశాడు. కోడి వంక చూశాడు. అప్పుడు లేచి, కోటు సర్దుకుని, పాతకాలపు మీటింగుల్లో నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"రెట్టే!" అని అరిచాడు. "మంచి రెట్ట! తెగులు కాదు, పట్టు! నేను పొరబడ్డాను, మా మరదలు గెలిచింది! వీధిలో ఏ కోడినీ ఎవరూ కోయక్కర్లేదు!"

ఇనోబత్ బేసిన్ అందుకుని డప్పులా మోగించింది. పెళ్లికూతుర్ని సాగనంపే పాట ఎత్తుకుంది. కోడికి పెళ్లిపాటేమిటని ఎవరూ అడగలేదు, అందరూ అందుకున్నారు. సోబిత్ ఏడుస్తూ చప్పట్లు కొట్టాడు. హోసియత్ ఒక చేత్తో పోపుక్‌నూ, ఇంకో చేత్తో నజోకత్‌నూ పట్టుకుని గుమ్మం దాటి, నడివీధిలో అందరికన్నా గట్టిగా పాడుతూ నడిచింది.